వేళకు రూపు మార్చు తెర



ఈ సాయంకాలము నేను మనవి చేయబోవు విషయము వినుటకు చిన్నదిగా తోచును. కంప్యూటరు తెరమీది రంగును, బొమ్మను మన చేయి తగులకయే వేళనుబట్టి మార్చు ఒక చిన్న పనిముట్టును గూర్చి చెప్పదలచితిని. అరువదియేండ్లు దాటినవారికి తెర సింగారముతో నేమి పనియని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. రెండేండ్ల క్రిందట ఎవరైన ఈ మాట చెప్పియుండినచో నేనును నవ్వియుందును. కాని ఆ పనిముట్టే లేనిచో నా గురువుగారి పద్యములు కొన్ని ఈపాటికి కాగితముతో గూడ రాలిపోయియుండెడివి. కావున ఆ కథయు, అందుండి నేను తెలిసికొన్న సంగతులును వరుసగా విన్నవింతును.

నేను ముప్పదినాలుగేండ్లు పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. అమలాపురమునకు సమీపమున మా గ్రామము. మా గురువుగారు పెండ్లి పందిళ్లలోను, సభలలోను, ఒక్కొక్కప్పుడు పొలము గట్టుమీదను ఆశువుగా చెప్పిన చాటువులు, సమస్యాపూరణములు నాలుగు వందలకు పైగా నాయొద్ద పాత నోటుపుస్తకములలో నున్నవి. అవి వేరొకచోట లేవు. కాగితము పండుటాకువలె నైనది, మడత విప్పిన ముక్కలగుచున్నది. అందుచేత వానిని కంప్యూటరులో నెక్కించు పనిని పెట్టుకొంటిని. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, ఇల్లు మేల్కొనుసరికి నాలుగైదు పద్యములు కొట్టుట నా నియమము.

ఈ నియమమునకు నా కన్నులే అడ్డు వచ్చినవి. ఎడమకంటి శుక్లము తీయించుకొంటిని. కుడికంటికి కొంతకాలము తరువాత చేయుదమని వైద్యులు చెప్పిరి. చీకటి గదిలో తెల్లని తెర వెలుగగానే, రాత్రివేళ ఎదురుగా వచ్చు లారీ దీపములవలె కుడికన్ను చెదరెడిది. అరగంట గడచుసరికి నీరు కారుట, అక్షరములు అలుకుకొనిపోవుట. గది దీపము వేసికొన్నను కొంచెము మేలేగాని బాధ పోలేదు. తెర వెలుగు తగ్గించు మీటలతో తగ్గించితిని. అప్పుడు ఒత్తులు కనబడవు. దకారమునకు ధకారమునకు భేదము తెలియని కంటితో పద్యము నెట్లు సరిచూడగలము? నెల దినములు పని ఆపివేసితిని. నోటుపుస్తకములు బీరువాలోనికి పోయినవి.

సంక్రాంతికి హైదరాబాదునుండి వచ్చిన మా మనుమడు ఈ సంగతి విని, “తాతగారూ, తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలే ఎందుకు? మీరు నలభై ఏళ్లు నల్లబల్ల మీద సుద్దతో రాశారు కదా!” అనెను. వాని మాట సరిగా తగిలినది. తెరను నల్లబల్లవలె చేయవచ్చునట. నేపథ్యము నలుపు, అక్షరములు తెలుపు. దీనిని డార్క్ మోడ్ అందురు. విండోస్ 10లో ఈ సౌకర్యమును 2016లో చేర్చిరి. మాకింటాష్ యంత్రములకు 2018లో వచ్చినది.

ఇందులో శాస్త్రమును కొంత కలదు. శుక్లము పట్టిన కంటి కటకము మబ్బుపట్టిన గాజువంటిది. తెల్లని తెరనుండి వచ్చు వెలుగు అందులో చెల్లాచెదరై లోపల నంతటను తెల్లని పొగవలె పరచుకొనును. ఆ పొగలో నల్లని అక్షరము వెలవెలబోవును. తెర యంతయు నల్లగానుండి అక్షరములు మాత్రమే వెలుగుచున్నచో చెదరుటకు వెలుగే తక్కువ. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున లెగ్గీ మొదలగు పరిశోధకులు 1985లో ప్రకటించిన పరిశీలనలో, కంటి లోపలి భాగము మసకబారినవారు నల్లనిదానిపై తెల్లని అక్షరములను మేలుగా చదువగలిగిరని తేల్చిరి. ఇది అందరి కన్నులకును వర్తింపదు. ఆరోగ్యవంతమైన కంటికి, ముఖ్యముగా పట్టపగటి వెలుగులో, తెల్లనిదానిపై నల్లని అక్షరమే సుఖము. కంటిపాప చిన్నదగుటచేత అక్షరము గీటుగా కనబడును. కంటి ముందరి పొర వంపు సమముగా లేనివారికి నల్లని తెరపై తెల్లని అక్షరము అంచులు కారినట్లుండును. కావున నలుపు గొప్పదా తెలుపు గొప్పదా యను వాదమునకు అర్థము లేదు. ఏ కంటికి, ఏ వేళకు, ఏ గదికి అనియే అడుగవలయును.

నాకు రెండును కావలసివచ్చినవి. తెల్లవారకముందు నలుపు. ప్రొద్దెక్కిన తరువాత నలుపు పెట్టినచో తెర అద్దమువలె నా ముఖమునే నాకు చూపును, అక్షరము కనబడదు. దినమునకు రెండుసారులు యంత్రములోపల వెదకి మార్చుకొనుట నావంటివానికి శ్రమ. ఈ శ్రమను తీర్చునదే నేను చెప్పదలచిన పనిముట్టు. దాని పేరు ఆటో డార్క్ మోడ్. మాకింటాష్‌లో వేళకు దానంతట మారు ఏర్పాటు 2019లో వచ్చినది. విండోసులో చాలకాలము లేదు. ఆ కొరత తీర్చుటకు కొందరు ఉత్సాహవంతులు దీనిని వ్రాసి, దాని లోపలి వ్రాతను ఎవరైనను చదువుకొనుటకు వీలుగా బహిరంగముగా ఉంచిరి. వెల లేదు. తరువాత మైక్రోసాఫ్టువారును తమ పవర్ టాయ్స్ అను పనిముట్ల మూటలో లైట్ స్విచ్ అను ఇట్టిదానినే 2025లో చేర్చిరి.

ముందుగా డెస్క్‌టాప్ అను మాట. బల్ల పైభాగమని దాని అర్థము. అమెరికాలో జిరాక్సు కంపెనీవారి పరిశోధనశాలలో 1973లో ఆల్టో అను యంత్రము పుట్టినది. ఆ శాలలో పెరిగిన ఆలోచనలతో 1981లో స్టార్ అను యంత్రమును అమ్మకమునకు తెచ్చిరి. కార్యాలయపు బల్లపై కాగితములు, సంచులు పరచినట్లే తెరపై చిన్న బొమ్మలుగా చూపుట అందులో రూఢియైనది. ఆ బల్లమీద పరచిన దుప్పటియే వాల్‌పేపరు. విండోస్ ఎక్స్‌పి యంత్రములపై పచ్చని గుట్టయు నీలాకాశమును చూచియున్నవారు మీలో చాలమంది యుందురు. అది చిత్రించిన బొమ్మ కాదు. చార్లెస్ ఒరియర్ అను ఛాయాగ్రాహకుడు కాలిఫోర్నియాలోని సోనోమా ప్రాంతమున 1996లో తీసిన నిజమైన ఛాయాచిత్రము.

ఇక మా మనుమడు చేసిన మహోపకారములో నొక చిన్న అపకారమును జరిగినది. వాడు తెరను నల్లగా చేయుటతో ఆగక, నాకు సంతోషము కలుగవలెనని, మా ఇంటి పెండ్లి ఛాయాచిత్రములున్న సంచి నంతను వాల్‌పేపరుగా అమర్చి, నిమిషమున కొకటి మారునట్లు చేసి, రాత్రి బస్సుకు వెళ్లిపోయెను. మరునాడు నాలుగు గంటలకు నేను తెర తీసితిని. పద్యముల సంచి లేదు! మూడు వందల జనము పందిట్లో కూర్చున్న బొమ్మ నిండుగా నున్నది. దానిపై నా సంచి బొమ్మ ఎక్కడనున్నదో కనబడలేదు. చూచుచుండగనే బొమ్మ మారి, పురోహితుడు, అక్షతలు. మరల మారి భోజనపు బంతులు. రెండు వందల యిరువది పద్యములు పోయినవని నా కాళ్లలో బలము పోయినది. అప్పటికి వానికి వేరొక నకలు తీసియుంచలేదు. ఆ తప్పు నాది.

ఫోను చేసితిని. “ఒరేయ్ నాయనా, గురువుగారి పద్యాలు పోయాయిరా!” అంటిని. బస్సు దిగుచున్న వాడు, “తాతగారూ, ఏమీ పోలేదు. దుప్పటి మారింది, అంతే. బల్లమీది వస్తువులు అక్కడే ఉన్నాయి. తెర మధ్యలో ఖాళీగా ఉన్నచోట కుడిమీట నొక్కి, పర్సనలైజ్ అన్నదాంట్లోకి వెళ్లి, బ్యాక్‌గ్రౌండ్ దగ్గర సాలిడ్ కలర్ అని ఎంచుకోండి” అనెను. అట్లే చేసితిని. తెర యంతయు నొకే ముదురునీలి రంగైనది. ఎడమవైపు పైనుండి మూడవస్థానమున నా సంచి నిశ్చలముగా నున్నది. పెండ్లి జనములో తప్పిపోయిన పిల్లవాడు అరుగుమీద కూర్చుండి దొరికినట్లయినది.

ఆనాడు నాకు బోధపడిన సంగతి యిది. ఆలయములో ఉదయమున నొక అలంకారము, సాయంకాలమున మరియొకటి, పర్వదినమున వేరొకటి చేయుదురు. మూలవిరాట్టు కదలదు. ఈ పనిముట్లు మార్చునది అలంకారమును మాత్రమే. మనము వ్రాసికొన్న వ్రాతలు, లెక్కలు, ఛాయాచిత్రములు యంత్రపు జ్ఞాపకములో ఉన్నచోటనే యుండును. తెర నలుపైనను అచ్చువేయునప్పుడు కాగితముపై నల్లని అక్షరములే పడును. ఈ భేదము తెలియక భయపడినవారు, నావలెనే, లేని నష్టమునకు ఏడ్చి, ఆ కంగారులో కనబడినదెల్ల నొక్కి నిజమైన నష్టమును తెచ్చుకొందురు.

బొమ్మలు వాటంతట మారుటకు విండోసులోనే ఏర్పాటు కలదు, వేరే పనిముట్టు అక్కరలేదు. 2009లో వచ్చిన విండోస్ 7 నాటినుండియు ఉన్నది. బ్యాక్‌గ్రౌండ్ అనుచోట స్లైడ్‌షో అని ఎంచుకొని, బొమ్మలున్న సంచిని చూపవలెను. నిమిషము మొదలు ఒక దినమువరకు ఎంతకాలమున కొకసారి మారవలయునో మన యిష్టము. నా అభిప్రాయము అడిగినచో దినమునకొకటి చాలును. నిమిషమునకు మారు బొమ్మ మనసును గాలిలోని దీపమువలె కదలించును. ఇంకొక మాట. తెరమీది చిహ్నముల క్రింది పేర్లు తెల్లని చిన్న అక్షరములతో నుండును. జనసమూహము, పూలతోట, తెల్లని మబ్బులు గల బొమ్మలపై అవి మునిగిపోవును. చెరువు, సాయంకాలపు ఆకాశము, చీకటి గోడ మొదలగు ఒకే ముదురు రంగు హెచ్చుగానున్న బొమ్మలను మాత్రమే ఆ సంచిలో నుంచుకొనవలెను. మనుమల ముఖములు చూడవలెననిపించినచో వేరుగా తెరచి చూచుట మేలు.

ఇప్పుడు ఆటో డార్క్ మోడ్ ఎట్లు పనిచేయునో చెప్పెదను. దానిని తెరచినచో వేళలను మనమే చెప్పవచ్చును. సాయంకాలము 6 గంటలకు నలుపు, ఉదయము 7 గంటలకు తెలుపు అని. లేదా, సూర్యోదయ సూర్యాస్తమయములను అనుసరింపుమని ఆజ్ఞాపింపవచ్చును. పంచాంగము చూచు అలవాటుగల నన్ను ఆకర్షించినది ఈ రెండవదే. యంత్రమునకు కిటికీ లేదు, సూర్యుడు కనబడడు. మరి యెట్లు తెలియును? పంచాంగకర్తకు తెలిసినట్లే. ఊరి అక్షాంశ రేఖాంశములును, తేదియు తెలిసినచో సూర్యుడు ఎప్పుడుదయించునో గణించుట లెక్కయేగదా! మన సీమలో దక్షిణాయనపు చివర పగలు పదకొండు గంటలకు కొంచెము హెచ్చు. జూను మాసాంతమున పదమూడు గంటలు దాటును. ఆ రెండు గంటల తేడాను యంత్రము దినదినము నిమిషము నిమిషముగా సర్దుకొనుచు పోవును, మనము మరల చెప్పనక్కరలేదు.

ఇందును నాకొక తమాషా యెదురైనది. పండుగ వెళ్లిన వారములో, మా గోడమీది పంచాంగము ప్రకారము సూర్యోదయము 6 గంటల 37 నిమిషములకు కాగా, తెర తెల్లబడుట 6 గంటల 49 నిమిషములకు. పన్నెండు నిమిషముల తేడా! లెక్క తప్పు యంత్రముదా, పంచాంగకర్తదా యని రెండు దినములు కూర్చుండి చూచితిని. తప్పు ఇద్దరిదియు కాదు. మా మనుమడు తన అలవాటుచొప్పున హైదరాబాదు రేఖాంశమును వేసెను. మన దేశపు గడియారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును అనుసరించి నడచును. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు నాలుగు నిమిషములు పట్టును. హైదరాబాదు 78½ డిగ్రీలవద్ద, అమలాపురము 82 డిగ్రీలవద్ద నున్నవి. మూడున్నర డిగ్రీలకు పదునాలుగు నిమిషములు. అక్షాంశ భేదముచేత జనవరిలో మరియొక నిమిషము. అనగా మా యూరి సూర్యుడు హైదరాబాదు సూర్యునికంటె పదునైదు నిమిషములు ముందు. మరి పంచాంగముతో పన్నెండే యెందుకు వచ్చెను? కొన్ని పంచాంగములు సూర్యబింబపు నడిమి భాగము క్షితిజమునకు వచ్చు క్షణమును సూర్యోదయమందురు. ఈ యంత్రగణితము బింబపు పై అంచు కనబడు క్షణమును, గాలిలో వెలుగు వంగుటను గూడ కలిపి లెక్కించును. దానివలన మూడు నాలుగు నిమిషములు ముందగును. లెక్క కుదిరినది. ఆ దినమున నాకు కలిగిన సంతోషము పరీక్షలో బాలునికి కలుగునట్టిది.

మా యూరి అంకెలను నేనే వేసితిని. యంత్రము తానే మన స్థానమును తెలిసికొందునని అనుమతి అడుగును. ఇష్టము లేనివారు అనుమతి ఇయ్యక, అక్షాంశ రేఖాంశములను చేతితో వ్రాయవచ్చును. నేను అట్లే చేసితిని. మన యిల్లెక్కడో యంత్రమునకు నిత్యము చెప్పుచుండవలసిన పని లేదు. మరియు నా గది కిటికీ పడమటి వైపునకున్నది, సూర్యుడుదయించినను గదిలో వెంటనే వెలుగు రాదు. సూర్యోదయము తరువాత ఇన్ని నిమిషములకని జరుపుటకు అందులో వీలున్నందున ఇరువది నిమిషములు జరిపితిని. పగటికి నొక దుప్పటి, రాత్రికి నొక దుప్పటి వేరువేరుగా చెప్పవచ్చును. రెంటికిని నేను బొమ్మ లేని ఉత్త రంగునే వేసికొంటిని.

దీనివలన తెరపై నున్న సమస్తమును మారునని మాత్రము ఆశపడరాదు. పాత ప్రోగ్రాములు కొన్ని ఈ ఆజ్ఞను వినవు, తెల్లగానే యుండును. ముఖ్యముగా వర్డ్ అను వ్రాత ప్రోగ్రాము. దానికి తన రంగు తనకు వేరుగా కలదు. అందలి థీమ్ అనుచోట యంత్రపు అమరికను అనుసరింపుమని చెప్పినగాని కదలదు. పాత వర్డులలో చుట్టుప్రక్కల నలుపైనను నడుమ కాగితము తెల్లగానే నిలుచును. ఈ ఒక్క చిక్కును విడదీయుటకు నాకు పది దినములు పట్టినది.

ఇక హెచ్చరిక. మా గ్రామములో నా మిత్రులొకరు దేవాలయ జీర్ణోద్ధారణపు చందా లెక్కలు కంప్యూటరులో వ్రాయుచుండిరి. నా తెర చూచి ముచ్చటపడి, తామును తెచ్చుకొందమని, పేరు సరిగా అడుగక, ఎక్కడనో కనబడిన ప్రకటన నొక్కి, “ఉచితముగా వేల బొమ్మలు” అను వేరొక పనిముట్టును దించుకొనిరి. దానితోగూడ పిలువని చుట్టములు నలుగురు వచ్చిరి. తెర తెరచినప్పుడెల్ల ప్రకటనలు, వెదకునదొకటి వచ్చునదొకటి. తుదకు యంత్రమును పూర్తిగా తుడిచి మరల అమర్పవలసివచ్చినది. పదునొకండు నెలల చందా లెక్కలు పోయినవి. అలంకారము మార్చ వచ్చినవాడే గర్భగుడి తలుపు తీసినట్లయినది. రసీదు పుస్తకముల అడుగు ప్రతులు ఉండుటచేత, మేమిద్దరమును ఆరు వారములు కూర్చుండి మరల కూడితిమి. ఆరు రసీదులకు మాత్రము లెక్క కుదరలేదు. ఆయన తన చేతి సొమ్ము వేసి పూర్తిచేసిరి. ఎవరును అడుగలేదు. అయినను ఆ దినమునుండి ఆయన కోశాధికారిగా నుండుటకు ఒప్పుకొనలేదు.

కావున ఇట్టివానిని విండోసులోనే ఉన్న మైక్రోసాఫ్టు స్టోరు అను అంగడినుండి మాత్రమే, పేరు అక్షరము అక్షరము సరిచూచి తెచ్చుకొనవలెను. రంగు మార్చుటకు వచ్చినది మన ఫోను నంబరును, పాస్‌వర్డును అడిగినచో అక్కడనే ఆపవలెను. దాని పనికి అవి అక్కరలేదు. అంతకంటె ముందు, వ్రాసినదానిని పెన్‌డ్రైవులో నొక నకలు తీసి, దానిని యంత్రమునుండి పీకి బీరువాలో పెట్టవలెను. నేను ప్రతి శనివారము తీయుచున్నాను. నచ్చనిచో పనిముట్టును తొలగించుట సులభము. సెట్టింగ్స్‌లో యాప్స్ అనుచోట దాని పేరు ప్రక్కన అన్‌ఇన్‌స్టాల్ అని యుండును. దానిని నొక్కిన పోవును. అప్పుడు తెర ఏ రంగులో నున్నదో ఆ రంగులోనే నిలిచిపోవును, దానిని మనము పర్సనలైజ్‌లో కలర్స్ అనుచోట మార్చుకొనవలెను.

నేటికి మూడు వందల అరువది పద్యములు ఎక్కినవి. కడపటి నోటుపుస్తకము ఎలుకలు కొరికినది, అందు కొన్ని పాదములు ఊహించి పూరింపక ఖాళీలు విడుచుచున్నాను. ఉగాది వెళ్లిన పిమ్మట కుడికంటికి శస్త్రచికిత్స. అది నయమైన తరువాత నాకు నలుపు నచ్చునో తెలుపు నచ్చునో చూచి, ఆ ఇరువది నిమిషముల అంకెను మరల సవరించుకొనవలసి యుండును.